చప్పటి నీళ్లు

సంపూర్ణ చెయ్యి పడితే గంజికి కూడా రుచి వస్తుందని చర్చిలో అందరూ అనేవాళ్లు. ఆ చెయ్యే ఆమె కొంప ముంచింది.

ఆమె ఇల్లు మణుగూరు అవతల, అడవి అంచున. భర్త అంతోనయ్య లారీ డ్రైవరు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, మీ బోరు నీళ్లు ఇక ముట్టొద్దని భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. క్యాను నీళ్ల బండి ఆ దారికి రానే రాదు. అప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మేనల్లుడు శాంతికుమార్ వచ్చి వాకిట్లో అద్దాల పెట్టె బిగించాడు. అడుగున ఉన్న నల్లరేకు తొట్టిలో బోరు నీళ్లు పోసినా, బియ్యం కడిగిన కుడితి పోసినా ఒకటే. ఎండకు ఆవిరై, వాలు అద్దానికి చెమ్మపట్టి, చుక్కచుక్కగా డబ్బాలోకి దిగుతాయి. మురికంతా తొట్టిలోనే ఉండిపోతుంది.

అంతోనయ్య మొదటి గుక్కే ఉమ్మేశాడు. “ఏందే ఇవి, సచ్చిన నీళ్లు! గింత చప్పగుంటే నేను తాగ!”

మొగుడు నాలుక పిడచకట్టి పడుకుంటే ఏ ఆడదానికి మనసొప్పుతుంది? డబ్బా నీళ్లు కుండలోకి వంచి, పాలకు తోడు వేసినట్టు అందులో చెంబెడు బోరు నీళ్లు కలిపింది. చెంబెడేగా!

“గిప్పుడు నీళ్లనిపించినయ్,” అన్నాడు అంతోనయ్య గటగటా తాగి. ఆ మాటకే మురిసిపోయింది, పిచ్చిది. చెంబు రెండయింది. ముసురు పట్టి పెట్టె చుక్క రాల్చని రోజుల్లో కుండ సగం బోరు నీళ్లే.

వానలు వెలిసేసరికి ఆయన కాళ్లు వాచాయి. “నీళ్లు మార్చమంటే మార్చలేదా?” అని డాక్టరమ్మ కసిరింది. లోపం తన పెట్టెలోనే ఉందేమోనని శాంతికుమార్ హడలిపోయి వచ్చాడు. డబ్బా నీళ్లలోనూ కుండ నీళ్లలోనూ ఉప్పు శాతం చూపే మీటరు ముంచి చూశాడు.

“డబ్బాలయి మంచిగనే ఉన్నయ్. కుండలయి ఎందుకు గిట్లున్నయ్ అత్తా?”

సంపూర్ణ ఏడుస్తూ అంతా చెప్పింది.

“దాన్నేమనకురా,” అన్నాడు అంతోనయ్య మంచం మీంచి. “నోరు కట్టుకోలేనోణ్ని నేను.”

తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆమెకు.

ఇప్పుడాయనకు రక్తం శుభ్రం చేసే మిషను పెడుతున్నారు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదు కాబట్టి, ఎంత మంచి నీళ్లయినా రోజుకు కొద్దిగానే తాగాలట. ఎండలు ముదిరాయి. పొద్దు వాలకముందే డబ్బా నిండిపోతోంది.

“సంపూర్ణా, చప్పటియే పొయ్యవే. ఇంకొక్క గుక్క.”

“ఇయ్యాల్టికి అయిపోయినయ్,” అంది సంపూర్ణ, నిండు డబ్బాకు మూత బిగిస్తూ.