ఒక్క కాలే వాచింది

పెళ్ళిచూపులనాడు నా భార్య నాతో మాట్లాడిన మొదటి మాట నీళ్ళ గురించి. "మీ దిక్కు నీళ్ళు తియ్యగుంటయట గద?" అని అడిగింది. వాళ్ళది నల్లగొండకు పడమట, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊరు. మాది హాలియా, సాగర్ కాలువ కింద. నేను నీళ్ళ శాఖలో కాంట్రాక్టు మీద పనిచేస్తానని ఆమెకు ముందే చెప్పి ఉన్నారు. ఊరూరూ తిరిగి బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూడటం నా పని; బోరు చెడిపోతే మోటరు లేపడానికి కూడా పిలిచేవారు. గులాబీ రంగు నిలబడితే తాగొచ్చు. పసుపుకు తిరిగితే తాగొద్దని చెప్పేవాణ్ణి. తాగొద్దని చెప్పి, మరి ఏవి తాగాలో చెప్పకుండా బండెక్కేవాణ్ణి.

పెళ్ళయిన కొత్తలో ఆమె వాళ్ళమ్మ గురించి చెప్పింది. తమ్ముడు పుట్టిన పురిట్లోనే ఆ తల్లి పోయింది. పోయే ముందు ఒక్క కాలు లావుగా వాచిందట. ఇవన్నీ ఆమెను పెంచిన అవ్వ చెప్పిన ముచ్చట్లు. "ఆ నీళ్ళు తాగితే గంతే" అన్నాను నేను. వాళ్ళ ఊళ్ళో ఎవరికి కాళ్ళు నొచ్చినా అందరూ అదే మాట అనేవారు. నేనూ అదే అన్నాను. కాకపోతే నా మెడలో శాఖ కార్డు ఉండేది.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది పుట్టినప్పుడు నర్సమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది. మా అమ్మ దవాఖాన వరండాలోనే అడ్డం పడింది. "అప్పుడే ఏం తొందర? ఒక్క కొడుకన్న పుట్టనియ్యుండ్రి" అంది. నేను అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. ఇంటికొచ్చాక నా భార్య అన్నం పెడుతూ, తల ఎత్తకుండా అంది.

"నువ్వు చేయించుకోరాదు? మగోళ్ళది చిన్నదేనట. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొస్తరట."

"బోరు మోటర్లు లేపేటోణ్ణి. నడుము పోతె నువ్వు లేపుతవా?"

"లేపుత తియ్యి. ఇద్దరు పిల్లల్ని మోసిన, మోటరొక లెక్కనా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వులో ఆ మాట పోయింది. పోవాలనే నవ్వాను. ఇంకో పిల్ల కావాలో వద్దో తేల్చుకోకుండా ఉండటానికి నాకు ఒక దారి కావాలి. ఆ దారి ఆమె మింగే గోలీ అయింది.

గోలీలు రాయించుకోవటానికి తాలూకా దవాఖానకు పోయాం. డాక్టరమ్మ బీపీ చూసి, నా భార్యను ఒక్కొక్కటే అడగటం మొదలుపెట్టింది. తలనొప్పి వస్తదా? వచ్చే ముందర కండ్ల ముంగట మెరుపుల్లాగ కనిపిస్తయా? "లేదు మేడమ్" అని నేనే చెప్పాను. ఇంట్ల ఎవరికన్న కాళ్ళల్ల రక్తం గడ్డ కట్టిందా? చిన్న వయసుల ఎవరన్న పోయిన్రా?

నా భార్య "మా అమ్మ..." అంది.

"అది ఫ్లోరైడ్ మేడమ్" అన్నాను. "వాళ్ళ ఊరంత గట్లనే ఉంటది. నేను ఆ శాఖలనే పనిచేస్త."

డాక్టరమ్మ నా కార్డు వంక చూసింది. వెనకాల లైను గుమ్మం దాటి ఉంది. చీటీ రాసిచ్చింది. బయటికొచ్చాక నా భార్య "ఆమె నన్ను అడిగింది గద" అంది. "నేను చెప్పిన గద" అన్నాను. కోపంగా కూడా అనలేదు. పని తొందరగా అయిపోయినందుకు లోపల సంతోషంగా ఉంది.

ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోలేదు. గోలీల అట్ట అయిపోయినప్పుడల్లా మెడికల్ షాపులో పాతది చూపించి ఇంకోటి తెచ్చేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. ఇంటింటికీ కృష్ణా నీళ్ళు ఇచ్చే పైపుల పని మొదలై, నాకు ఇంట్లో తీరిక తక్కువగా ఉండేది.

వానలు పడే రోజుల్లో ఆమె కుడిపిక్క గుంజుతోందని చెప్పింది. మా అమ్మ పొయ్యి దగ్గరి నుంచే అందుకుంది. "ఫ్లోరైడ్ ఊరి పిల్లను తెస్తున్నమని అప్పుడే అన్న. మా నీళ్ళు ఎన్ని తాగినా ఆ బొక్కలు మారుతయా?"

"నేను వచ్చినంక మీ బిందెలు మోసింది గీ బొక్కలే అత్తా" అంది నా భార్య.

మరో రెండు మూడు రోజులకు, స్నానం చేసి వచ్చి, మంచం మీద కూర్చుని రెండు కాళ్ళూ పక్కపక్కన చాపింది.

"ఏమయ్యా, జర సూడు. రెండు ఒక్కతీర్గ ఉన్నయా?"

చూశాను. కుడికాలు ఎడమదానికంటే లావుగా ఉంది. చర్మం మెరుస్తోంది. పట్టగొలుసు కండలోకి దిగింది. విప్పడానికి రాక సబ్బు రాసి తీసింది. ఆ గుర్తు చాలాసేపు అట్లాగే ఉంది.

ఫ్లోరైడ్ ఎట్లా పట్టుకుంటుందో ఊళ్ళల్లో జనానికి చెప్పేది నేనే. పండ్లకు గారపడుతుంది, నడుము వంగుతుంది, మోకాళ్ళు బిగుస్తాయి, ఏండ్లు పడుతుంది అని చెప్పేవాణ్ణి. ఒక్క కాలు నాలుగు రోజుల్లో వాస్తుందని ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. అట్లా వాచిన కాలును నేను ఏ ఊళ్ళోనూ చూడలేదు. ఇది తెలియక చేసిన తప్పు కాదని అందుకే అంటున్నాను. తెలిసింది నా నోట్లోనే ఉంది, ఇంట్లో మాత్రం దాన్ని వాడలేదు.

"చిన్నప్పటి నీళ్ళు" అన్నాను. "తగ్గుతది." నొప్పుల గోలీలు తెచ్చి ఇచ్చాను. మా అమ్మ ఆముదం కాచి పిక్కకు రాస్తుంటే "గట్టిగ రుద్దు" అని కూడా చెప్పాను. ఆమె పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున చిన్నదాని బడి బ్యాగు సర్దుతూ ఆమె గోడకు ఒరిగింది. "గాలి ఆడుతలేదు" అంది. ఆటో పిలుచుకొచ్చేసరికి పెదవులు రంగు మారాయి. దవాఖాన గేటు దాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. లోపలికి పోయాక ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు.

బయటికొచ్చిన డాక్టరు చిన్న వయసువాడు. గోలీలు ఏమన్నా వాడుతుందా అని అడిగాడు. నొప్పులవి అన్నాను. ఇంకా ఏమన్నా అని అడిగాడు. చెప్పాను. కాలు ఎప్పటి సంది వాచిందని అడిగాడు. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు పోయి ప్రాణం తీసిందని చెప్పి, నా ముఖం చూసి ఇంకో మాట అన్నాడు. "ఆ గోలీలు చానామందికి ఏం చెయ్యయి. కొందరికి గడ్డ కట్టే గుణం పుట్టుకతోనే వస్తది. అసొంటోళ్ళకు ఇయ్యద్దు. వాళ్ళమ్మకు గిట్ల ఏమన్న ఉండెనా?"

నేను గోడ మీద రాసిన టీకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను.

అడిగిన వాళ్ళకల్లా గుండెపోటు అని చెప్పాను. ఎవరూ రెండో ప్రశ్న అడగని జవాబు అది. పిల్లలకూ అదే చెప్పాను. నేను ఏడవలేదు. ధైర్యం గల మనిషి అన్నారు. ధైర్యం కాదు అది. సబ్బు రాసి తీసిన పట్టగొలుసు కిటికీలో కనిపించేది. దాన్ని అటు జరిపి అక్కడ గ్లాసు పెట్టుకునేవాణ్ణి. డ్యూటీకి పోయేవాణ్ణి. సీసాలో చుక్కలు వేసి రంగు కోసం చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయని తర్వాత ఎవరో అంటే తెలిసింది.

కొన్నాళ్ళకు ఆమె పుట్టిన ఊరికి కూడా నల్లా వచ్చింది. నీళ్ళు వదిలిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె అవ్వ దోసిలి పట్టి తాగి, "పురిట్ల పోయిన నా బిడ్డ గీ నీళ్ళు తాగుంటె బతికేది" అంది. కాదు అవ్వా అని చెప్పాల్సింది. నేను నల్లా తిప్పి కట్టేశాను.

మా పెద్దది ఇప్పుడు నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మొన్నామధ్య ఫోన్ చేసింది. నెలనెలా సరిగా రావటం లేదట, హాస్టల్లో ఇట్లాగే ఉన్న పిల్లలకు ఏవో గోలీలు రాశారట, తనూ పోయి రాయించుకుంటుందట.

"ఏం గోలీలు?" అని అడిగాను.

"పిల్లలు పుట్టకుండ వేసుకునేటియేనట డాడీ. నెల సక్కగ వచ్చేటందుకు గూడ ఇస్తరట. నువ్వు పరేషాన్ కాకు, నేనే పోయొస్త."

"పోకు. నేనొస్త."

"ఆడోళ్ళ డాక్టర్ దగ్గర నీకేం పని?" అని నవ్వింది. నవ్వు అచ్చం తల్లిదే.

బస్సులో హాలియా నుంచి నల్లగొండ దాకా, చెప్పకుండా పని ఎట్లా జరుగుతుందా అనే ఆలోచించాను. వేరే గోలీలు రాయమని డాక్టరును పక్కకు పిలిచి అడగొచ్చు. ఈ వయసులోనూ నా బుద్ధి అటే పోయింది.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ నా బిడ్డ బీపీ చూసింది. ప్రశ్నలు మొదలయ్యాయి. తలనొప్పి వస్తదా? మెరుపులు కనిపిస్తయా? ఇంట్ల ఎవరికన్న రక్తం గడ్డ కట్టిందా? చిన్న వయసుల ఎవరన్న పోయిన్రా?

"మా అమ్మ, మేడమ్. గుండెపోటు" అంది నా బిడ్డ.

"ఎంత వయసుల?"

నా బిడ్డ నా వైపు చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది.

"గుండెపోటు కాదు" అన్నాను. గోలీలు, కాలు, ఊపిరితిత్తులు, అన్నీ చెప్పాను. నా భార్య తల్లికీ పురిట్లో ఒక్క కాలే వాచిందని చెప్పాను. ఆ రోజు తాలూకా దవాఖాన డాక్టరమ్మ అడిగితే నా భార్యను నేనే చెప్పనియ్యలేదని చెప్పాను. నా గొంతు నీళ్ళ రిపోర్టు చదివినట్టే వచ్చింది. డాక్టరమ్మ అప్పటికే రాసిన గోలీ పేరు కొట్టేసింది. ఆ రకం గోలీలు ఈ పిల్లకు వద్దంది, వేరే దారి ఉంది, రక్తం పరీక్ష చేయిద్దాం, చెల్లెలికి కూడా చేయిద్దాం అంది. రేపు కాన్పులప్పుడూ, ఏ ఆపరేషనప్పుడైనా ఈ సంగతి ముందు చెప్పాలని నా బిడ్డతోనే చెప్పింది. నాతో చెప్పలేదు.

బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఆమె బెంచీ మీద కొంచెం దూరంగా కూర్చుంది.

"అమ్మ నీకు కాలు చూపిచ్చిందా?"

"చూపిచ్చింది."

"నువ్వేమన్నవ్?"

"ఫ్లోరైడ్ అన్న."

హాలియా బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు. నేను లేచాను. ఇంటికి పోయి చిన్నదానితో ఎట్లా మొదలుపెట్టాలా అని అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాను.

"చెల్లెకు నేను చెప్త" అంది నా బిడ్డ, నా వైపు చూడకుండా. "ఆదివారం వచ్చి నేనే చెప్త. నువ్వు మాట్లాడకు డాడీ."

సరే అన్నాను.