కడబంతిలో అక్కయ్య

అక్కయ్య పోయిందని మధ్యాహ్నం వాళ్ళబ్బాయి ఫోన్ చేస్తే, నేను అడిగిన మొదటి మాట "అన్నం తిందా?" అని. ఎప్పుడు, ఎలా అని అడగాల్సింది. నా నోటికి అదే వచ్చింది. "లేదు పిన్నీ. మేమందరం తిన్నాం. తను మా తర్వాత తింటానంది. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. చూసేసరికి అలాగే గోడకి ఒరిగిపోయి ఉంది" అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

అక్కయ్యంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. నూజివీడు బజారులో మామిడికాయల వ్యాపారం చేసే ఇంటికి ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలు. యాభైల చివర్లో నేను విస్సన్నపేట నుంచి కాపరానికి వచ్చేసరికే ఆవిడ ఆ వంటింట్లో పాతబడిపోయింది. ముందు గదుల్లో కొట్టు, నడవలో గంపలు, వరిగడ్డి, వెనకాల వంటిల్లు. మమ్మల్ని కొట్టినవాళ్ళు లేరు, గదిలో పెట్టి తాళం వేసినవాళ్ళూ లేరు. వీధి తలుపు తెల్లవారితే తీసే ఉండేది. కానీ వంటింట్లోంచి ఆ తలుపు దాకా వెళ్ళడానికి మాకు ఒక్క పనీ ఉండేది కాదు. పొయ్యి ఆరితే కదా గడప దాటడం! ఆ పొయ్యి ఆరేది కాదు.

వేసవి వస్తే మరీను. కాయ కొనడానికి ఎక్కడెక్కడి వ్యాపారులో వచ్చేవాళ్ళు. అరుగు మీద చేతులకి తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటూ మా మామగారితో బేరాలాడేవాళ్ళు. బేరం ఎటూ తేలకపోతే ఆయన "ముందు భోజనానికి లేవండి" అనేవారు. "కొనేవాడి కడుపు నిండితే బేరం సగం తెగినట్టే" అని ఆయన సిద్ధాంతం. తెగేది ఆయన బేరం, ఆరిపోయేది మా ప్రాణం. ముద్దపప్పు, నెయ్యి, కూర, పులుసు, చారు, గడ్డపెరుగు, మీద రసాలు. వచ్చినవాడు చాలు అనేదాకా వడ్డించాల్సిందే. బోర్డు లేదన్న మాటేగానీ మాది హోటలే. ఒక బంతి లేస్తే ఇంకో బంతి కూర్చునేది.

అక్కయ్య అందరికీ కొసరి కొసరి వడ్డించేది. ఎవరైనా మొహమాటపడితే "ఇంకొక్క గరిటండీ" అనేది. మామగారు అప్పుడప్పుడు మురిసిపోయి, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు, మా పెద్దకోడలు వడ్డిస్తే ఎవరికీ లోటుండదు" అనేవారు. ఆయన అటు వెళ్ళాక అక్కయ్య నా చెవిలో అనేది: "వడ్డించేదీ నేనే, కడబంతీ నాదే. మరి నాకేమీ మిగలదేంటే?"

నిజంగానే మిగిలేది కాదు. గిన్నె అడుగున పప్పు, ముక్కలు అయిపోయిన పులుసు, చల్లారిన అన్నం. పైగా మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఈ కాలం పిల్లలకి చెబితే మొహం అదోలా పెడతారు. మొగుడు తిని లేచిన విస్తట్లోనే పెళ్ళాం వడ్డించుకుని తినాలి. కొత్త విస్తరి వేసుకుంటే మొగుడి మీద ప్రేమ లేనట్టు. మా ఆయన విస్తరి సంగతి చెప్పక్కర్లేదు, కోళ్ళు కెలికినట్టుండేది. కరివేపాకు ఒక మూల, మిరపకాయ తొడిమలు ఒక మూల, నమిలి ఊసిన మునక్కాడ పిప్పి నడిమధ్యన. నాకు ఒళ్ళు మండిపోయేది. బావగారు మాత్రం నీటుగా తినేవారు. బూరెలు చేసిన రోజు ఒక బూరె ముట్టకుండా విస్తరి అంచున వదిలేవారు. అదే ఆయన ప్రేమ. అక్కయ్య ఆ బూరెలో సగం నాకు పెట్టేది. ఆయన మంచివారు, ఆ మాట నేను ఎప్పుడూ కాదనను. మంచివాడైనా విస్తరి ఎంగిలిదే కదా.

మా అత్తయ్యగారిని రాక్షసిలా చెప్పడం నాకిష్టం లేదు. ఆవిడా మామగారి విస్తట్లోనే తినేవారు. కానీ కాయ కోతకొచ్చే రోజుల్లో కోడళ్ళు గడప దాటకూడదని గట్టిగా పట్టుబట్టేవారు. పెళ్ళిళ్ళన్నీ ఆ రోజుల్లోనే కదా వచ్చేవి. చాట్రాయిలో అక్కయ్య సొంత చెల్లెలి పెళ్ళి జరుగుతుంటే ఆవిడ ఇక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని వ్యాపారులకి అప్పడాలు వేయిస్తోంది. ముహూర్తం వేళకి పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పొగ" అంది. నేనూ పొగే అన్నాను.

అలాంటి రోజుల్లో బస్టాండు వెళ్ళే దారిలో ఒక భోజన హోటలు పెట్టారు. ఊళ్ళో కాఫీ హోటళ్ళు ఉండేవిగానీ ఇలా అరిటాకు వేసి, అడిగినంత పెట్టేది అదే మొదలు. కూలీనాలీ చేసుకునేవాళ్ళు కూడా సరదాపడి తినగలిగేంత చవక. మా ఆయన తిండిపోతు. తినొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి హరికథలా చెప్పేవారు. "కందిపొడితో మొదలుపెడతాడు వదినా! పొగలు కక్కే అన్నం. నెయ్యి ధారగా పోస్తాడు. మనం చెయ్యి అడ్డం పెట్టేదాకా వదలడు."

అక్కయ్య కూర తరగడం ఆపేసి అడిగేది. "మారు అడిగితే విసుక్కోరా?"

"విసుక్కోవడమేంటి వదినా, అడక్కపోతే వాళ్ళే అడుగుతారు."

"తిన్నాక గిన్నెలెవరు తోముతారు?"

"వాళ్ళే."

"మనం చెయ్యి కడుక్కుని వచ్చెయ్యడమేనా?"

"కిళ్ళీ వేసుకుని మరీ రావచ్చు."

ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పించుకున్నా ఆవిడకి తనివి తీరేది కాదు. ఒకరోజు చింతపండు పిసుకుతూ, "ఒక్కసారి నా ముందు కొత్త ఆకు వేసి, ఎవరో వేడివేడిగా వడ్డిస్తుంటే, చాలండీ అని నేను అనాలే చెల్లీ" అంది. నగ అడగలేదు, చీర అడగలేదు. అత్తయ్యగారి చెవిన పడనే పడింది. "అమ్ముకునే కూడు తినే గతి మన ఇంటి ఆడవాళ్ళకి ఇంకా పట్టలేదు" అని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనేదో అనబోతే అక్కయ్య నా కాలు తొక్కింది.

వానలు మొదలై వ్యాపారం సద్దుమణిగాక, విజయవాడలో ఆడపడుచు పురిటికని అత్తయ్యగారు అక్కయ్య కొడుకుని వెంటబెట్టుకుని బయలుదేరారు. దిగబెట్టి రావడానికి మామగారూ వెళ్ళారు. ఆ మర్నాడు నేను పొయ్యి వెలిగించలేదు. అక్కయ్య అగ్గిపెట్టె కోసం చేయి చాస్తే కొంగున ముడేసుకున్నాను. "ఇవాళ ఈ పొయ్యిలో పిల్లి లేవదు. అందరం హోటలుకెళ్దాం" అన్నాను.

బావగారు బెదిరిపోయారు. "బజార్లో పరువేం కావాలి? అమ్మకి తెలిస్తే?" అని నడవలో అటూ ఇటూ తిరిగారు. నేను ఆయనతో ఎదురుగా మాట్లాడేదాన్ని కాదు. తలుపు చాటు నుంచి మా ఆయనకి చెబుతున్నట్టుగా గట్టిగా అన్నాను. "ఇన్నేళ్ళుగా ఊరందరి కడుపులూ నింపిన మనిషికి ఒక్కపూట ఎవరైనా వడ్డిస్తే పరువు పోతుందా అండీ?" నడవలో అడుగుల చప్పుడు ఆగింది. తర్వాత ఆయన, "వెనక సందులోంచి రండి" అన్నారు. అక్కయ్య పెళ్ళినాటి చీర కట్టుకుంది. నేను నవ్వితే సిగ్గుపడింది.

హోటల్లో ఆడవాళ్ళ కోసమని ఒక మూలకి పరదా కట్టి ఉంది. నలుగురం వరసగా కూర్చున్నాం. అరిటాకులు పరిచారు. వడ్డించే ఆయన పెద్దవాడు, భుజాన తువ్వాలు, చేతిలో అన్నం బాల్చీ. ముందు అక్కయ్య దగ్గరికే వచ్చాడు. ఆవిడ కంగారుపడి, "ముందు వాళ్ళకండీ, వాళ్ళకి పెట్టండి" అంది. "అందరికీ ఉందమ్మా" అని ఆయన వడ్డించేశాడు. పప్పు వచ్చింది, నెయ్యి వచ్చింది, గుత్తివంకాయ వచ్చింది, గుమ్మడికాయ పులుసు వచ్చింది. ఆవిడ చెయ్యి పెట్టలేదు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. నేను మోచేత్తో పొడిచాను. "తింటానే, కంగారేంటి" అంది, కళ్ళు మాత్రం బావగారి ఆకు మీదే. "ఏమమ్మా, బాగోలేదా?" అని వడ్డించే ఆయన అడిగాడు. ఆవిడ తలొంచుకుంది. అక్కడి వంట ఎలా ఉందో ఆవిడకి ఇంకా తెలియదు.

బావగారు గబగబా తినేసి చెయ్యి కడుక్కోవడానికి పరదా దాటి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళడం ఆలస్యం, అక్కయ్య ఆయన తిన్న ఆకుని తన ముందుకి లాక్కుంది. తన కొత్త ఆకులో ఉన్న అన్నం తీసి ఆ ఎంగిలి ఆకులోకి మార్చుకోవడం మొదలుపెట్టింది. ఏమీ ఆలోచించలేదు, ఎప్పుడూ చేసే పని చేసినట్టే చేసింది. వడ్డించే ఆయన పెరుగు గిన్నెతో అలాగే నిలబడిపోయాడు. మా ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. పంజరం తలుపు తీసి పెట్టినా చిలక లోపలే కూర్చుంటుందంటారు, అది నేను ఆ రోజు కళ్ళారా చూశాను.

పరదా పక్కన బావగారు తడిచేతులతో నిలబడి ఉన్నారు. ఆయనా చూశారు. ఇంట్లో అంతకు ముందు కొన్ని వందల సార్లు ఇదే జరిగి ఉంటుంది. కానీ ఆయన తిని లేచి కొట్లోకి వెళ్ళిపోయేవారు, వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు వంగి ఆ ఆకు తీశారు. మా ఇంట్లో మగవాడు తన ఆకు తను ఎత్తడం నేను చూడలేదు. ఆయన దాన్ని చుట్టి, బయటికి తీసుకెళ్ళి తొట్టిలో వేసి వచ్చారు. వడ్డించే ఆయనతో, "ఈవిడకి ఇంకో ఆకు వెయ్యండి. మొదట్నించీ వడ్డించండి" అన్నారు. వచ్చి అక్కయ్య పక్కన ఊరికే కూర్చున్నారు.

అప్పుడు తింది మా అక్కయ్య. ఎంత ఇష్టంగా తిందనుకున్నారు! పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "వంకాయలో కొబ్బరి వేశాడే, మనం వెయ్యం" అంది. "మారు వెయ్యనామ్మా?" అంటే, నా వైపు చూసి, "అడగొచ్చా?" అంది. పులుసు రెండోసారి పోయించుకుంది. వడియం కొరికి ఆ చప్పుడుకి తనే నవ్వింది. పెరుగన్నం కూడా అయ్యాక వడ్డించే ఆయన మళ్ళీ గరిటె ఎత్తితే, ఆకు మీద అడ్డంగా చెయ్యి పెట్టి, "చాలండీ" అంది. గాజులు ముంజేతి మీదికి జారాయి. వేళ్ళకి పెరుగు అంటి ఉంది. ఆ చెయ్యి చాలు అనడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. అత్తయ్యగారు తిరిగొచ్చేసరికి బజారే ఆవిడకి చెప్పేసింది. "నా ఇంట్లో అన్నం పుట్టలేదని ఊరంతా అనుకోవాలనా!" అని ఆవిడ గోలగోల చేశారు. బావగారు తలొంచుకుని విన్నారు, ఎదురు చెప్పలేదు. కానీ ఆ పూట భోజనం చేసి లేచేటప్పుడు విస్తరిని మధ్యకి మడిచి లేచారు. మడిచిన విస్తరి ఇక పారెయ్యాల్సిందే, అందులో ఎవరూ తినరు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అందరూ లేచాక అక్కయ్య ఆ విస్తరి మడత విప్పింది. నీళ్ళు చల్లి, అరచేత్తో తుడిచి, అందులోనే వడ్డించుకుంది.

నేను నూతి దగ్గర పట్టుకుని అడిగాను. "నీకు బుద్ధుందా? ఆయన మడిచారు కదా!"

"అత్తయ్యగారు మామగారి విస్తట్లో తింటూ నా ఎదురుగా కూర్చున్నారే. పెద్దావిడ అలా తింటుంటే నేను కొత్త విస్తరి ఎలా వేసుకోను?" అంది. బావగారు ఇంకొన్నాళ్ళు మడిచారు. ఆవిడ విప్పుతూనే ఉంది. తర్వాత ఆయన మానేశారు.

అరవైలు గడవకముందే మేం వేరుపడి ఏలూరు వెళ్ళిపోయాం. నేను బయటపడ్డాను, ఆవిడ ఉండిపోయింది. అత్తయ్యగారు పోయారు, మామగారు పోయారు, ఆఖరికి బావగారూ పోయారు. విస్తళ్ళు పోయి స్టీలు కంచాలు వచ్చాయి. కట్టేసేవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. అయినా ఆవిడ అందరూ తిన్నాకే తినేది. కోడలు పిల్ల మంచిది, ముందు కూర్చోమని బతిమాలేది. "నాకు అలవాటమ్మా" అనేదట.

పెద్దకర్మకి నూజివీడు వెళ్ళాను. ఆవిడ ఫోటో ముందు అందరికంటే ముందు ఆకు వేశారు. లేత అరిటాకు, కొత్తది. నేను వడ్డిస్తానన్నాను. "మీరెందుకు అత్తయ్యగారూ, నడుము నొప్పి" అని కోడలు పిల్ల అంటే వినలేదు. పొగలు కక్కే అన్నం, పప్పు, నెయ్యి, కొబ్బరి వేసిన గుత్తివంకాయ, గుమ్మడికాయ పులుసు, అన్నీ వడ్డించాను. "మారు వెయ్యనా అక్కయ్యా?" అన్నాను పైకే. ఆకు మీద అడ్డంగా చెయ్యి వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఇంకొక్క గరిటె వేశాను.