పడవెక్కిన పాఠం

ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది. మా జిల్లాలో ఎక్కడ ఉపాధ్యాయుల శిక్షణ జరిగినా, పిల్లలు ఇంట్లో వీడియో చూసి రావడం, బళ్లో వాళ్లలో వాళ్లే తర్కించుకుని నేర్చుకోవడం అనే పద్ధతి గురించి ఎవరో ఒకరు లేచి మాట్లాడతారు. "భావనపాడు దగ్గర ఓ బళ్లో పిల్లలు అద్భుతంగా చేశారట" అంటారు. అందరూ తలలూపుతారు. ఆ పిల్లలకి ఒక మాస్టారు కూడా ఉండేవాడన్న సంగతి ఎవరికీ తట్టదు. నేను ముందు వరసలోనే కూర్చుని గట్టిగా గొంతు సవరించుకుంటాను. ఒకసారి ఎవరో జాలిపడి మంచినీళ్ల సీసా అందించారు.

ఆ రోజుల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర సైన్సు మాస్టార్ని. పలాసలో ఉదయం బస్సెక్కితే జీడితోటల మీద ఇంకా పొగమంచు పట్టి ఉండేది. పూత వాసన కిటికీలోంచి వచ్చి మొహానికి తగిలేది. ఆ వాసనలో కళ్లు మూసుకుని నేను కనని కల లేదు. మా బడికి గోడంత డిజిటల్ తెర ఒకటి కొత్తగా వచ్చింది. శిక్షణలో నాకు ఒక మాట కూడా నేర్పారు: బోధనకి మాస్టారు కాదు, పిల్లలే కేంద్రం. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే బస్సు కండక్టరుకి కూడా చెప్పాను. (పిల్లలు మధ్యలోకి వచ్చేస్తే మాస్టారు ఎక్కడికి పోవాలో శిక్షణలో చెప్పలేదు. నేనూ అడగలేదు.)

మా హెడ్మాస్టరు గారిని అందరం పెద్ద మేష్టారు అనేవాళ్లం. ఆ తెర మీద ఆయనకి మొదటి రోజు నుంచే కన్నుంది. మీటింగులకి పనికొస్తుందని తన గదిలో పెట్టించాలని చూశారు. నేను అడ్డం తిరిగితే నన్ను పిలిచి చల్లగా చెప్పారు: "సూడు బాబూ, టెక్కలి నుంచి ఆఫీసరు గారు తనిఖీకి వత్తారు. ఆయన ముందర ఈ గుంటలు నోరిప్పి నాలుగు మాటలు మాటాడితే తెర నీ కళాసులో ఉంటాది. నేదంటే నా గదికొచ్చీత్తాది. మరి నీ ఇష్టం." మా పిల్లలు అంతవరకు నా క్లాసులో నోరిప్పింది ఆవలించడానికే.

మర్నాటి సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సరుగుడు తోపు దాటి ఇసుక దిబ్బ ఎక్కాను. గాలి హోరు పడకుండా ఫోనుకి జేబురుమాలు చుట్టి, సముద్రాన్ని వెనకేసుకుని జీర్ణవ్యవస్థ పాఠం రికార్డు చేశాను. నోటి దగ్గర మొదలుపెట్టి పెద్దపేగు దాకా ఎక్కడా తడబడలేదు. దాన్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇంటింటా నా పాఠం వెలుగు ఒక పిల్ల మొహం మీద పడుతున్నట్టు ఊహించుకుంటూ ఇంటికి వెళ్లాను. తెల్లారేసరికి చూసినట్టు నీలం గీతలు పడి ఉన్నాయి. గాలిలో తేలుతున్నట్టే క్లాసులోకి అడుగుపెట్టాను.

"పాఠం చూశారా?" అన్నాను. ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. ఏది చెప్పినా "ఎందుకండి?" అనేది కాబట్టి మేం ఆమెని సందేహాలమ్మ అనేవాళ్లం. ఆ పిల్లే లేచింది.

"సూసినార్సార్."

"మరి చెప్పు."

"నేను కాద్సార్. మా అయ్య సూసినాడు. ఫోను అయ్యతోటి ఏటకెల్పోనాది."

ఇంటికి ఒకటే ఫోను. చీకటితోనే అది తండ్రితో పాటు పడవెక్కి చేపల వేటకి వెళ్లిపోతుంది. ఆ రోజు నా పాఠం కూడా వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. నీరెండలో సముద్రం మీద పడవలు చుక్కల్లా కదులుతున్నాయి. ప్రతి చుక్కలోనూ ఇస్త్రీ చొక్కా వేసుకున్న నేను ఒకణ్ని, అలల మధ్య నిలబడి, చిన్నపేగు గురించి చెబుతూ ఉన్నాను. దిగులు వేయవలసిన చోట, ఎందుకో ఆ దృశ్యం చాలాసేపు అందంగానే ఉండిపోయింది.

మధ్యాహ్నం పడవలు ఒడ్డుకి రాగానే నా ఫోను మోగడం మొదలైంది. "మేష్టారు బాబూ, కూసింత గట్టిగా సెప్పాల. ఇంజను సప్పుడికి ఇనపడ్నేదు" అని ఒక తండ్రి. "అంత పొడుగు పేగు నా కడుపులో ఎలాగున్నాది బాబూ? పొద్దున్నించి పొట్ట మీద సెయ్యేసుకునే తిరుగుతున్నాను" అని ఇంకొకాయన. తర్వాతి పాఠం ఎప్పుడని అందరూ అడిగారు. నా విద్యార్థులు తప్ప ఊరంతా చదువుకుంటోంది.

ఫోను ఇంట్లో వదిలి వెళ్లమని చెప్పడానికి సాయంత్రం ఒడ్డుకి వెళ్లాను. సందేహాలమ్మ తండ్రి వలలో ఇరుక్కున్న చేపలు తీస్తున్నాడు. "ఫోను ఇంటికాడ ఒగ్గీసి ఎల్తే గాలీ వానా మాకెవులు సెప్తారు బాబూ?" అన్నాడు. నిజమే కదా. నేను వెనక్కి తిరిగాను. ఆయనకే జాలేసింది. "మీరు బెంగెట్టుకోకండి. నాను మొత్తం ఇన్నాను గదా! వల సదురుకుంటా నానే మా గుంటకి సెప్పీత్తాను. మిగతావోలకీ సెప్తాను, ఆల గుంటలకి ఆలే సెప్పుకుంటారు."

ఆ మాట అంతటితో పోతుందనుకున్నాను. మర్నాడు క్లాసుకి వెళ్లేసరికి యుద్ధం జరుగుతోంది.

"కడుపంటే ఐసు పెట్టిలాటిదంట. సరుకేసి మూతెట్టీడమే. మా అయ్య సెప్పినాడు" అంటోంది సందేహాలమ్మ.

"మీ అయ్యకేటి తెలుసు? కడుపంటే ఇంజనంట. నూనెయ్యకపోతే కదల్దంట!" అని వెనక బెంచీ వాడు.

ఇన్నాళ్లకి వచ్చిన అవకాశం. చేతులెత్తి ఆపి, చెప్పడానికి నోరు తెరిచాను. సందేహాలమ్మ నా వైపు తిరిగి, "మీరాగండి సార్. మీరు సెప్పీకండి. ఆ తెరేసి సూద్దుం" అంది.

ఎదురుగా నిలువెత్తు మనిషిని ఉండగా, నన్ను ఆగమని, నా వీడియో పెట్టమంది! (ఆ పిల్ల ఇప్పుడు విశాఖలో నర్సు. మొన్న కనబడితే ఈ సంగతి గుర్తు చేశాను. "అలాగన్నానా సార్?" అని నవ్వేసింది. నేను నవ్వలేదు.) తెర వేశారు. నన్ను నోరు తెరిచి ఉన్న చోట ఆపేసి, ఆ నోటి ముందే మళ్లీ తగువు పెట్టుకున్నారు. ఐసు పెట్టిలో చేప ఎలా వేస్తే అలాగే ఉంటుంది, కడుపులో అలా ఉండదు కదా అని వాళ్లే తేల్చారు. నేను మూలకి వెళ్లి నిలబడ్డాను. ఆ గొడవ సముద్రపు హోరులా లేస్తూ పడుతూ ఉంది. నిద్రలోకి జారుతున్నప్పటి హాయి లాంటిది ఏదో నన్ను ఆవరించింది. అప్పటినుంచి అదే మా పద్ధతి అయిపోయింది. నా పాఠం ముందు పడవెక్కుతుంది, వల దగ్గర రూపం మార్చుకుంటుంది, బడికి వచ్చి తెర ముందు పరీక్షకి నిలబడుతుంది.

తనిఖీ రోజు వచ్చింది. తెర బాగా కనబడాలని కిటికీలు మూసేశాం. గది నీలంగా, నీటి అడుగున ఉన్నట్టు ఉంది. ఆఫీసరు గారి బూట్ల చప్పుడు వరండాలో వినబడుతుండగా తెర ఆరిపోయింది. గోడలో ప్లగ్గు వదులైంది. ఒక్క గెంతులో తెర వెనక దూరి, గొంతుక్కూర్చుని, ప్లగ్గుని అరచేత్తో అదిమి పట్టుకున్నాను. తెర వెలిగింది. చెయ్యి తీశాను. ఆరింది. మళ్లీ పట్టుకున్నాను. ఇంక తియ్యలేదు.

ఆఫీసరు గారు లోపలికి వచ్చారు. పిల్లలు గుంపులుగా కూర్చుని వాదించుకుంటున్నారు.

"మీ మాస్టారు ఏరీ?" అన్నారాయన.

"అదిగోండి" అని సందేహాలమ్మ తెర మీద నోరు తెరిచి ఉన్న నన్ను చూపించి, మళ్లీ వాదనలో పడిపోయింది.

"మా బళ్లో పిల్లలే కేంద్రం అండీ" అన్నారు పెద్ద మేష్టారు. అది నా మాట! లేవబోయాను. లేస్తే తెర ఆరిపోతుంది, ఆరితే ఆయన గదికి పోతుంది. కూర్చుండిపోయాను.

అంతలో వీడియోలో లేని ప్రశ్న ఒకటి వినబడింది. సందేహాలమ్మదే. "మనం నిద్దరోతే పేగుకి పని సెయ్యమని ఎవులు సెప్తారు?" జవాబు నా నాలుక చివర ఉంది. పళ్లు బిగించాను. కాసేపటికి వెనక బెంచీ వాడి గొంతు నెమ్మదిగా వచ్చింది: "సెప్తేనే సేత్తాదేటి? నీ గుండెకి నువ్వు సెప్తన్నావా, కొట్టుకోయే అని?" అందరూ ఒక్కసారి గుండెల మీద చేతులు వేసుకున్నారట. నాకు కనబడలేదు. నా రెండో చెయ్యి మాత్రం తనంతట తనే వెళ్లి గుండె మీద ఆనింది. ఆ చీకట్లో, దుమ్ములో, కళ్లు చెమర్చాయి.

వెళుతూ వెళుతూ ఆఫీసరు గారు తెర వెనక్కి తొంగి చూశారు. "పాపం, కరెంటబ్బాయి ఇంతసేపూ పట్టుకునే ఉన్నాడే! ఇతనికి టీ ఇప్పించండి" అన్నారు. పెద్ద మేష్టారు నా వంక చూశారు, ఆయన వంక చూశారు, "అలాగేనండి" అన్నారు. తెర మా క్లాసులోనే ఉండిపోయింది. టీ కూడా వచ్చింది. బాగుంది.

ఇప్పుడు తలుచుకుంటే, దుమ్ము కొట్టుకుపోయిన ఇస్త్రీ చొక్కాతో అక్కడ కూర్చున్న ఆ కుర్రాడు నాకు ముద్దొస్తాడు. జీవితంలో అతను చెప్పిన అతి మంచి పాఠం అదే, నోరు విప్పకుండా. ఇవాళ్టికీ నా క్లాసులో మూలన నిలబడుతున్నానంటే ఆ రోజుల్లో అలవాటైందే. కాని అది వేరు, ఇది వేరు. పెద్ద మేష్టారూ, మీరు రిటైరై టెక్కలిలో హాయిగా ఉన్నారు. బస్టాండులో కనబడితే ఆరోగ్యం అడిగి మాట మార్చేస్తున్నారు. ఆ రోజు ఆఫీసరు గారు "మీ మాస్టారు ఏరీ" అని అడిగింది పిల్లల్ని మాత్రమే కాదు, మీరూ పక్కనే ఉన్నారు. ఆ పిల్ల అంటే వాదనలో ఉంది. మీరు తీరిగ్గానే ఉన్నారు కదా? ఇప్పటికైనా జవాబు చెప్పండి.