సుజాత పక్కన కూర్చున్నదెవరు

దెయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. ధర్మవరంలో మా పట్టుచీరల అంగడి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టింది కూడా నా భార్య సుజాతే. ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నేనేమీ అనుకోను.

పోయిన సీతాఫలాల కాలంలో అంగడి మూసి, చిలమత్తూరు దగ్గర ఒక తోటలో కాటేజీ తీసుకున్నాం. లేపాక్షి, పెనుకొండ చూసి, పొద్దున పూట గుట్టల్లో తిరగాలని సుజాత ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఆమెకు మోకాలి నొప్పి అప్పటికే ఉంది.

లేపాక్షిలో మెల్లగా నడుస్తోందని జనం ముందే కసిరాను. "నీతో వస్తే గుడి చూసినట్టే" అన్నాను. ఆమె తల వంచుకుంది. అంగడిలో పనివాళ్ల ముందు కూడా నేనంతే.

మర్నాడు పొద్దున కాటేజీ వెనక గుట్ట ఎక్కాం. నేను ముందు, ఆమె వెనక. పెళ్లైనప్పటి నుంచీ మా నడక అదే. వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు లేదు. గాజుల చప్పుడు, చెప్పులు ఈడ్చే చప్పుడు వినిపిస్తే చాలు, వస్తోందని తెలిసిపోతుంది.

ఆ రోజూ అవి పైదాకా వినిపించాయి. రొప్పడం కూడా విన్నాను. "ఇంట్లో చీరలు మడత పెట్టుకుంటా ఉండక ఎందుకొచ్చినావు?" అని దారంతా సణిగాను.

పైన పాత గోడ దగ్గర ఆగి తిరిగి చూస్తే ఎవరూ లేరు. అంతా బోడిబండ, చాటుకు ఒక్క పొద కూడా లేదు. పిలిచాను. పడిపోయిందేమోనని గబగబా దిగాను.

కింద మొదటి మలుపులోనే, ఒక బండ మీద కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది.

"నీళ్లు తెస్తానని పోయి ఇంత సేపా? తెచ్చినారా?"

ఉన్న ఒక్క నీళ్ల సీసా నా చేతిలోనే పైకి పోయిందని అప్పుడు గమనించాను. ఇచ్చాను.

ఆమెకు పక్కనే సీతాఫలం గింజల కుప్ప ఉంది. ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి, అవతల ఇంకో కుప్ప. రెండూ తడిగానే ఉన్నాయి. నేను ఆ పొద్దున పండు ముట్టలేదు.

ఆమె చెబుతూ పోయింది. నేను తిరిగొచ్చి పక్కన కూర్చున్నానట. పండు కోసుకొచ్చానట, మోకాలు ఒత్తానట. పనివాళ్ల ముందు తిట్టినప్పుడల్లా ఎంత చిన్నబోయేదో ఆమె చెప్పుకుంటే, అడ్డు రాకుండా విన్నానట.

"ఇన్నేండ్లకు మీ నోట తప్పయిందనే మాట వింటిని. ఇంగ నాకది చాలు. మా చెల్లెలికి చెప్తే నమ్మదు."

ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ అనలేదు. అది నేను కాదని అప్పుడే చెప్పాల్సింది. తలూపాను.

తోట కాపలా మనిషిని విడిగా అడిగాను. ఆ పొద్దున గుట్ట వైపు మేమిద్దరం తప్ప ఎవరూ పోలేదన్నాడు. "ఎందుకన్నా, అట్ల అడుగుతాండావు?" అన్నాడు.

ఆమె పక్కన కూర్చున్నదెవరో, నా వెనక ఎక్కిందెవరో ఈ రోజుకీ నాకు తెలియదు. సుజాత ఆ సంగతి చెల్లెలికి ఫోన్లో చెప్పి మురిసిపోతుంటే, పక్క గదిలో వింటూ ఊరుకుంటాను. అంగడిలో గొంతు తగ్గించాను. తప్పయిందని నా నోటితో నేను చెప్పాలని ఉంది. కానీ అలా చెప్పాలంటే, ఆ రోజు చెప్పింది నేను కాదని ముందు చెప్పాలి.