దసరా రంగు కింద ఎర్త్ వైరు

దోస్తులారా, దసరాకు మన కాలనీలో బండ్లకు కొత్త రంగు వేసేవాళ్లు, గుర్తుందా? ఇవాళ బాపు పాత వ్యాను హెడ్‌లైటు ఆరుతూ వెలుగుతుంటే, లైటును బండి ఇనుప బాడీకి కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పి కింద రంగు గీకి బిగించాను. లైటు నిలకడగా వెలిగింది. గీకిన రంగుది అప్పటి వాసనే!

నా చిన్నప్పుడు బాపు తల్లి, మా అవ్వకు ఊపిరాడక, పొద్దుగూకాక ఈ వ్యానులోనే దవాఖానకు బయలుదేరాం. గుంత వచ్చినప్పుడల్లా లైటు ఆరిపోయేది. ఎదురుగా బొగ్గు లారీలు. అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మొన్ననే బల్బు మార్చిన గదనే!" అని బాపు మొత్తుకున్నాడు.

"నాకన్న నీ బండికే దవాఖాన అక్కెర బిడ్డా," అంది అవ్వ రొప్పుతూ.

అవ్వ బతికింది. నాకే ఇంకా మండుతోంది. అందరూ బల్బు మార్చమన్నారు. రంగు మీదే బోల్టు బిగిస్తే కుదుపుకు కరెంటు తెగుతుందని ఒక్కరూ చెప్పలేదు. ఈ దసరాకు ఆ బోల్టు దగ్గర ఎవడైనా కుంచె పెడితే చెయ్యి విరగ్గొడతా.