ముల్లు తెలియని చెయ్యి

కడియం చుట్టుపక్కల ఏ నర్సరీలోకైనా వెళ్ళి గులాబీ అంట్లు కట్టడంలో మొనగత్తె ఎవరని అడిగితే, తలుపులమ్మ పేరే చెప్పేవారు. మిగతా ఆడవాళ్ళు పాత సాక్సులకు వేళ్ళు కత్తిరించి చేతులకు తొడుక్కునేవారు. అయినా సాయంత్రానికి పిన్నీసుతో ముళ్ళు తీసుకుంటూ కూర్చునేవారు. తలుపులమ్మ వట్టి చేత్తోనే వరసకు వరస లాగించేసేది. ఎడమచేత్తో నాటుగులాబీ కాడ వంచి పట్టడం, కుడిచేతి చాకుతో బెరడు చీల్చడం, రంగు గులాబీ నుంచి కోసిన చిగురుకన్నును ఆ చీలికలో దూర్చి ప్లాస్టిక్ రిబ్బను చుట్టడం. చూసేవాళ్ళకు కళ్ళు తిరిగేవి గానీ ఆవిడ చెయ్యి ఆగేది కాదు.

యజమాని హరిబాబుకు ఆ చెయ్యంటే మహా గొప్ప. లారీలు వేసుకుని వచ్చే పైరాష్ట్రం బేరగాళ్ళను ముందు ఆవిడ దగ్గరికే తీసుకువెళ్ళేవాడు. మా తలుపులమ్మను చూస్తే ముళ్ళే భయపడతాయని చెప్పేవాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆ పొగడ్త ఆవిడకూ ముద్దుగానే ఉండేది. పెళ్ళికి ముందు తల్లి వెనకాల కూలికొచ్చిన పిల్ల, పెళ్ళయ్యాక తోడికోడలు సూర్యకళకు చాకు పట్టడం నేర్పి తనంతటిదాన్ని చేసింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, పనిలోకి తెచ్చుకునేది ఒకే క్యారేజీ. సూర్యకళకు అక్కయ్య మాటంటే వేదం.

ఆ చేతి సంగతి మాత్రం తలుపులమ్మకు ఒక్కదానికే తెలుసు. మొదట్లో ముళ్ళ నొప్పి తగ్గితే, చర్మం కాయలు కాసింది కాబోలనుకుంది. గులాబీ పనిలో అందరూ అలాగే అనుకుంటారు. చెయ్యి మొద్దుబారడం అక్కడ రోగం కాదు, హోదా! 'దాని చెయ్యి రాటుదేలిందే' అంటే మంచి పనిమంతురాలని అర్థం. ఆవిడా ఆ మాటే నమ్ముకుని రెండు సీజన్లు గడిపేసింది.

ఒకరోజు గంజి వారుస్తుంటే ఎక్కడో ఏదో కాలుతున్న వాసన వచ్చింది. పొయ్యిలో చూసింది, మసిగుడ్డ చూసింది. చివరికి చూస్తే కాలుతున్నది తన చిటికెనవేలు. అన్నంగిన్నె అంచుకు ఆనుకుని, బొబ్బెక్కి ఉంది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడానికే ఆవిడ ప్రాణం పోయినంత పనైంది. తలుపేసుకుని జాకెట్టు విప్పి చూసుకుంది. ఎడమ మోచేతికి పైన వెలిసిపోయినట్టు ఒక మచ్చ ఉంది. వేసవిలో ఒళ్ళంతా చెమట కారుతుంటే ఆ మచ్చ ఒక్కటే పొడిగా ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మచ్చ ఆవిడకు కొత్త కాదు. చిన్నప్పుడు మేనత్త పాపాయి వీపు మీద చూసింది. కుష్టు, పెద్దరోగం అన్నారు. పశువుల పాకలో ఒక మూల దడి కట్టి పాపాయిని అందులో ఉంచారు. చిప్పలో అన్నం పెట్టి కర్రతో లోపలికి తోసేవారు. ఆ కర్ర పట్టుకున్నది తలుపులమ్మ తండ్రే, తోడబుట్టినవాడే. మేనత్త చనిపోతే ఒంటికి నీళ్ళు పోయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అది కళ్ళారా చూసిన మనిషి నోరెలా విప్పుతుంది? కక్కలేక మింగలేక ఆ మాట కడుపులోనే దాచుకుంది. జాకెట్టు చేతులు మోచెయ్యి దాకా కుట్టించుకుంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మచ్చలేమైనా ఉన్నాయా అని అడిగితే, మాకేం రోగాలండి అని నవ్వి పంపేసింది. చిటికెనవేలూ దాని పక్క వేలూ కొద్దికొద్దిగా లోపలికి వంగడం మొదలెట్టాయి. మూడో కంటికి తెలియకుండా రాత్రిళ్ళు వాటిని గుడ్డతో చెక్కముక్కకు కట్టుకుని పడుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు హరిబాబు ఎవరో పెద్ద బేరగాణ్ణి తీసుకొచ్చి, చేసి చూపించమన్నాడు. వంగిన వేళ్ళు ఆ కొత్త మనిషి కంట పడకుండా కాడ కింద సర్దుకుని, ఆయన వైపు నవ్వుతూ చూస్తూ చాకు దించింది. కన్ను దూర్చబోతే కూర్చోలేదు. కిందికి చూసింది. చీలిక లోపల తెల్లగా కనిపించింది. బెరడు బాగానే విడిచిందనుకుంది. బెరడు విడిస్తే కింద కట్టె అలాగే తెల్లగా ఉంటుంది. మరుక్షణం ఆ తెలుపులోకి నెత్తురు ఊరింది. అది కాడ కాదు, తన ఉంగరపు వేలు. తెల్లగా కనిపించింది ఎముక.

బేరగాడు మొహం తిప్పుకున్నాడు. సూర్యకళ పమిట చెంగు చింపి కట్టింది. హరిబాబు తన కారులోనే ఇద్దరినీ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి, వరండాలో ఫోను మాట్లాడుతూ నిలబడ్డాడు. కిటికీ తెరిచే ఉంది. లోపలి మాటలు ఆయనకు వినపడతాయని తలుపులమ్మకు ముందు తట్టిన సంగతి అదే. నెత్తురు కారుతోందన్న దిగులు దానికంటే తక్కువ.

డాక్టరు సారిక చిన్న పిల్లే గానీ నిదానస్తురాలు. గాయం కడిగి, మత్తు సూది ఎక్కించే ముందు కొంచెం మండుతుందమ్మా అని హెచ్చరించింది. సూది దిగింది. తలుపులమ్మ మొహంలో కండరం కదలలేదు. పక్కనున్న సూర్యకళ, మా అక్కయ్యది రాటుదేలిన చెయ్యండి అని గొప్పగా చెప్పింది. డాక్టరు సూది పక్కన పెట్టేసి, గాయానికి గుడ్డ చుట్టింది. వంగిన వేళ్ళు చూసి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, మోచేతి ఎముక వెనకాల గాడిలో వేలుపెట్టి నొక్కింది. అక్కడుండే నరం సన్నగా ఉండాలి. అది ఉబ్బి పగ్గంలా తగులుతోంది. మచ్చ కూడా డాక్టరు కంట పడింది.

"కళ్ళు మూసుకోండమ్మా. పెన్ను ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించండి."

తలుపులమ్మ రెప్పలు సగమే మూసి, పెన్ను నీడ చూసి చూపించింది. ఒకసారి సరిపోయింది. మళ్ళీ సరిపోయింది. ఈ గండం గట్టెక్కితే చాలు తల్లీ, లోవ కొండకు వస్తానని తన పేరున్న అమ్మవారికి మొక్కుకుంది. డాక్టరు అనుమానం తీరక, అరచెయ్యి తిప్పి చూస్తూ చర్మం సంగతి చెప్పడం మొదలెట్టింది. పైపొర ఎంత మందంగా కాయలు కాసినా స్పర్శ పోదట. నొప్పీ వేడీ కనిపెట్టే నరాల కొసలు దాని కింది పొరలో ఉంటాయట. ముల్లు దిగినా తెలియలేదంటే అది గట్టిదనం కాదు, నరం చచ్చిపోతోందన్నమాట. నరం చస్తే వేళ్ళలో ఎముకలున్నా వాటిని నిలబెట్టే కండలు పనిచేయవట.

తలుపులమ్మ పళ్ళు బిగించి విన్నది. ఎవరెన్ని చెప్పినా నోరు విప్పేది కాదేమో. కానీ సూర్యకళ నవ్వుతూ ముందుకు జరిగింది.

"అదేంటండి, నాకూ నిరుటి నుంచి ముళ్ళు తెలవట్లేదు. నాకూ మా అక్కయ్య చెయ్యి వచ్చేసిందని ముచ్చటపడతన్నాను."

తలుపులమ్మ కళ్ళు పూర్తిగా తెరిచింది. తెరిచి సూర్యకళ చేతుల వైపు చూసింది. తను చాకు పట్టించిన చేతులు. తన పక్కన కూర్చుని ఒకే క్యారేజీలో తిన్న చేతులు. ఆశా కార్యకర్తను నవ్వి పంపేసిన రోజే తను నోరు తెరిచి ఉంటే? మూసి ఉంచడానికి ఇక ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు.

"నీడ చూసి చెప్పేనండి. నాకేం తెలవలేదు. మా మేనత్తకొచ్చిన పెద్దరోగమే నాకూ వచ్చింది. దాచేను. నా సంగతి తర్వాత, ముందు దాని చెయ్యి చూడండి."

వరండాలో ఫోను మాట ఆగిపోయింది. సూర్యకళ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం దగ్గర పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తలుపులమ్మ ఆ పమిట వైపు చూసి తల దించుకుంది. ఇదేగా తను ఇన్నాళ్ళూ భయపడింది.

డాక్టరు కోప్పడలేదు. దీనికి మందుందనీ, సర్కారు ఊరికే ఇస్తుందనీ, మందు మొదలెడితే ఇంకొకరికి అంటదనీ, ఎవరినీ పాకలో పెట్టక్కర్లేదనీ చెప్పింది. వంగిన వేళ్ళ సంగతి మాత్రం గట్టిగా చెప్పలేనంది. సూర్యకళను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. సూర్యకళ గట్టిగా, చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. దొంగచూపు చూడాలన్న ఆలోచన దానికి రానే లేదు.

పెన్ను చిటికెనవేలి మీద తగిలింది. అరచేతి అంచు మీద తగిలింది. మణికట్టు దగ్గర నొక్కి మరీ తగిలింది.

"మొదలెట్టండి డాక్టరుగారూ" అంది సూర్యకళ.

డాక్టరు పెన్ను ఎత్తి పట్టుకుని తలుపులమ్మ వైపు చూసింది. తలుపులమ్మకు ఏడుపు పొంగుకొచ్చింది. నెత్తురు కట్టుతోనే లేచి వెళ్ళింది. ఆ చేతిని పట్టుకోబోయి ఆగింది. ఎక్కడ పట్టుకుంటే దానికి తెలుస్తుందో తెలియక, భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి అదుముకుంది.