రొట్టె కొట్టి కొన్న బండ

మోకాళ్లు పట్టేసినంక నేను కింద కూర్చొని రొట్టె కొట్టలేకపోయిన. ఇన్నేండ్లు కొట్టిన చేతులు ఊరికే ఉంటయా? ఎల్లారెడ్డిలో మా ఇంటికి కొత్త వంటగది కట్టిస్తున్నప్పుడు నేను ఒక్కటే అడిగిన. నిలబడి జొన్నరొట్టె కొట్టేటట్టు నాకు గట్టు కావాలె.

కోడలికి తెల్ల క్వార్ట్జ్ మీద మనసు. రాతిపొడి, జిగురు కలిపి ఫ్యాక్టరీలో చేసిన బండ అది. నాకేమో నల్ల గ్రానైట్ కావాలె. తేల్చుకుందామని ఇద్దరం కామారెడ్డికి పోయినం.

దుకాణంలో నా సంచి విప్పిన. జొన్నపిండి డబ్బా, ఫ్లాస్కులో మసిలిన నీళ్లు, పాత పెనం.

"అయ్యో అత్తమ్మా, గిదేంది? చీర కొనేటప్పుడు కట్టుకొని చూస్తమా?"

"కట్టుకోకున్నా భుజం మీద వేసుకొని చూస్తం గదా పిల్లా!"

దుకాణాయన నవ్విండు. "కానీ అవ్వా. మరక పడుతదేమోనని బండ మీద నిమ్మరసం పోసి చూసినోళ్లు ఉన్నరు గాని, రొట్టె కొట్టినోళ్లు లేరు."

రెండు బండలు నా నడుము ఎత్తు బల్లల మీద పరిచి ఉన్నయి. పిండి పిసికి ముందుగాల తెల్లదాని మీద కొట్టిన. నిజం చెప్పాలె, ఎక్కడా చార లేదు, మచ్చ లేదు, రొట్టె చక్రం లెక్క తిరిగింది. కాని పిండీ తెలుపే, బండా తెలుపే. రొట్టె ఎక్కడ పలచబడ్డదో కండ్లకు ఆనలేదు. నల్లదాని మీద అంచు అంచంతా కనబడ్డది. మోకాలు ఒక్కసారి కూడా నొయ్యలేదు. నాకు ఎగరాలనిపించింది.

పక్క చాయ్ హోటల్ పొయ్యి మీద రొట్టె కాల్చుకొని, మసిగుడ్డతో పెనం పట్టుకొని వచ్చిన. తెల్లబండ మీద దించబోతే దానికి అతికించిన కాగితం కనబడ్డది. ఒక్కో అక్షరం కూడుకుంటూ చదవబట్టిన. "వే...డి... గి...న్నె...లు..."

"అత్తమ్మా, చెయ్యి కాలుతది, జల్ది చదువు!"

"...నేరుగా పెట్టరాదు!" అని పెనం తెచ్చి నల్లదాని మీద దించిన. దానికి ఏం కాలేదు.

"జిగురు ఉంటది గదా అవ్వా, వేడికి తెల్లదానికి మరక పడుతది," అన్నడు దుకాణాయన, రొట్టె తుంచుకుంటూ.

ఈ వయసులో నాకు అక్షరాలు నేర్పింది ఈ కోడలే. నడుం మీద చేతులు పెట్టుకొని అన్నది, "నేను నేర్పిన చదువు నా బండకే అడ్డం వచ్చిందా!" నా వెంట చూడవచ్చిన చాయ్ హోటలోళ్లు కూడా నవ్విండ్రు.

పొయ్యి పక్కకు నల్లది, కిటికీ కిందికి ఆమె తెల్లది తీసుకున్నం. పొయ్యి దిక్కు గట్టు నా నడుముకు సరిపోను కట్టించిండ్రు. కోడలు పొడుగు మనిషి, అక్కడ ఆమెకు వంగాలె. పొద్దున నేను రొట్టెలు కొడుతుంటే పక్కకు వచ్చి వంగుతది, గొణుగుతది. గొణుగుతూనే నా చేతిలోని పిండిముద్ద గుంజుకొని తానొకటి కొడుతది.